ఏటి నడిమధ్య కుర్చీ

రండి రండి, పొయ్యి దగ్గరికి జరగండి. ఆ తలుపు మూయండి, బయటి చలికి ఈ ఇంట్లో చోటు లేదు. మాటలు ఆపండి. పొద్దుతిరుగుడు గింజలు కొరికేవాళ్ళు నోట్లోవి మింగేసి, తక్కినవి నా చేతిలో పెట్టండి. ఇది మౌనంగా కూర్చునే మనుషుల కథ. మీరూ కాసేపు మౌనంగా కూర్చుంటే నష్టం లేదు. ముందే చెప్తున్నాను, ఎలుకల సంగతీ ఒంటె సంగతీ నా నోట్లో కొంచెం ఉబ్బుతాయి. ఇల్యీనిచ్న సంగతి మాత్రం గింజంత కూడా ఉబ్బదు. ఎందుకు ఉబ్బదో మీరే చూస్తారు.

ఆ ఆదివారం తెల్లవారుతుండగా, ఏటికి రైలు వచ్చే గట్టున ఉన్న ధాన్యం గిడ్డంగి వెనక గదిలో, ఆవిడ తడిగుడ్డ విప్పి మొలకలు లెక్కపెడుతోంది. ఆవిడ అసలు పేరు రోడా యార్నల్. అమెరికా నుంచి వచ్చిన క్వేకరు మతం మనిషి. తండ్రి పేరు మన భాషలో ఇల్యా అవుతుందని తెలిసిన రోజే ఊరంతా ఆవిడని ఇల్యీనిచ్న, అంటే ఇల్యా కూతురు, చేసేసింది. యాభై నాలుగేళ్ళు. బక్కపలచటి మనిషి. బూడిదరంగు గౌను, బూడిదరంగు టోపీ, ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్న కళ్ళజోడు. చలికి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రటి గీతలు తేలాయి. ఆ వేళ్ళలోనే చిన్న పట్టకారు, ఆ పట్టకారు కొసన ఒక్కొక్క గోధుమ గింజ.

నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి పొయ్యి పక్కన పెట్టడం, వారం తర్వాత విప్పి ఎన్ని మొలిచాయో చూడటం. పెన్సిల్వేనియాలో ఒక కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ చేసిన శాస్త్రం ఇదే. పెళ్ళి లేదు. చెల్లెలు డార్కస్‌తో కలిసి ఉండేది. వాళ్ళ గుడిలో పూజారి ఉండడు, పాట ఉండదు, గంట ఉండదు. అందరూ వచ్చి బల్లల మీద మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలినుంచి మాట వస్తే లేచి చెప్తారు, రాకపోతే లేదు. చివర పక్కనున్నవాళ్ళతో చేతులు కలిపితే ఆరాధన అయిపోయినట్టు. నలభై ఏళ్ళలో ఇల్యీనిచ్న అక్కడ లేచింది రెండే సార్లట. ఒకసారి, "ఆ కిటికీ మూస్తే బాగుంటుంది" అంది. రెండోసారి, "నేను రష్యా వెళ్తాను" అంది. రెండుసార్లూ చెప్పి మళ్ళీ కూర్చుంది.

"ఎనభై ఏడు," అని ఆవిడ పుస్తకంలో రాసుకుంది. మొలవని పదమూడు గింజల్నీ కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకుంది. ఆకలి ఊళ్ళో గింజ పారేయడం ఆవిడకి చేతకాదు. తర్వాత బరమా భుజాన వేసుకుని ఏటి మీద మంచుగడ్డ ఎంత మందం ఉందో తొలిచి చూడటానికి బయల్దేరింది. రోజూ వెళ్ళేది. రోజూ రాసుకునేది.

ఆ ఏడు కరువు ఎలాంటిదంటే, మన ఊరి ఎలుకలు సంసారాలతో సహా మూటలు సర్దుకుని రైలెక్కి పోయాయి. ఎక్కుతుంటే నేను చూశాను, ముసలి ఎలుకకి చెయ్యి అందించింది కూడా నేనే. ప్రోఖోర్ ఒంటె, దాని పేరు దొరసాని, చలికాలమంతా రెండు చీపుర్లు, గుడి గంట తాడు, ఒక పన్ను నోటీసు తిని బతికింది. మనుషుల సంగతి పెంచనక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ మనిషి తగ్గి ఒక చెంచా ఎక్కువైంది. కొన్ని ఇళ్ళలో నాలుగు.

అప్పుడే ఈ క్వేకర్లు వచ్చి వంటశాల పెట్టారు. పిల్లలకి కోకో, అన్నం, తెల్లరొట్టె. బడి మూతపడిన వేరా పంతులమ్మ అక్కడ దుబాసీగా కుదిరింది. ఇల్యీనిచ్న చెల్లెలికి రాసే ఉత్తరాలు అంటించకుండానే ఆమె చేతికిచ్చేది. దాచేదేమీ లేదట. వేరా మన భాషలోకి మార్చి చదువుతుంటే మేం గిన్నెలు నాకడం ఆపి వినేవాళ్ళం. విని ఉసూరుమనేవాళ్ళం.

"నాలుగో నెల, రెండో తేదీ, మొదటి రోజు," అని చదివేది వేరా. నెలలకీ వారాలకీ పాత దేవుళ్ళ పేర్లున్నాయని ఆవిడ అంకెలే వాడేది. ఆదివారం అంటే మొదటి రోజు. "ప్రియమైన డార్కస్, ఈ వారం పదకొండు వందల నలభై మంది పిల్లలు తిన్నారు. గాలి ఉత్తరం నుంచి వీచింది. నా ఎడమ బూటు కారుతోంది."

"అంతేనా?" అంది ఫియోక్లా అవ్వ. ఊళ్ళో అందరికన్నా పెద్దది, అందరికన్నా పెద్ద నోరున్నది. "తోడేళ్ళు వచ్చాయని రాయమ్మా. తోడేలు లేని ఉత్తరం ఎవరు చదువుతారు?"

"ఎన్ని వచ్చాయి?" అని అడిగింది ఇల్యీనిచ్న.

"ఓ నలభై రాసెయ్యి."

"నేను ఒకదాన్ని చూశాను. దగ్గరికి వస్తే అది ప్రోఖోర్ కుక్క."

"పోనీ ఆ కుక్కనే నలభై సార్లు చూశానని రాయి తల్లీ, నీ సొమ్మేం పోయింది!"

ఆవిడ రాయలేదు. కానీ ఒక విచిత్రం. ఆ ఎండు ఉత్తరాలనే డార్కస్ అక్కడ మౌనం ముగిశాక చదివి వినిపించేదట. రెండు నెలలు తిరిగేసరికి, ఇల్యీనిచ్న ఎన్ని బస్తాలు కావాలని రాసిందో అన్నీ రైలు గట్టున దిగేవి. ఎందుకన్ని అని అక్కడ ఒక్కరూ అడిగేవారు కాదు.

అలా దిగిన విత్తనాల గోధుమ ఆ ఆదివారం గిడ్డంగిలో ఉంది. ఊరేమో ఏటికి అవతలి గట్టున ఉంది. మధ్యలో వసంతం మొదలైన ఏరు. గడ్డ విరిగిందంటే ఇక వరద, ఆ తర్వాత మోకాళ్ళ లోతు బురద. బండి కదలడానికి నెలన్నర. అప్పటికి విత్తే అదును దాటిపోతుంది. విత్తకపోతే వచ్చే చలికాలం చెంచాలు ఎక్కువవడం కాదు, పట్టుకునే చేతులే మిగలవు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఊళ్ళో మిగిలిన మంచుబళ్ళన్నీ పొద్దున్నే ఏరు దాటి ఖాళీగా వచ్చేశాయి. పంతొమ్మిది. పదకొండు బళ్ళకి డొక్కలు తేలిన గుర్రాలు, ఏడు బళ్ళకి మనుషులే, చివరిదానికి దొరసాని. ఒక బండి మీద ఫియోక్లా అవ్వ తన కుర్చీ వేయించుకుని రాణీగారిలా కూర్చుని వచ్చింది. నేల మీద కూర్చుంటే నడుం పట్టేస్తుందట.

ఖాళీగా రావడం వేరు. బస్తాలు ఎత్తాక, ఏరు ఒక్కసారి గట్టిగా మూలిగింది. ఆ మూలుగుకి బళ్ళవాళ్ళు అందరూ ఒకే అడుగు వెనక్కి వేశారు.

బళ్ళవాళ్ళకి పెద్ద ప్రోఖోర్. గడ్డం మనిషి, మొండిమనిషి. అతను టోపీ తీసి ఇల్యీనిచ్న ముందు నిలబడ్డాడు.

"ఇల్యీనిచ్న, రోజూ తొలిచి చూసేది నువ్వే. చెప్పు తల్లీ, ఆగుతుందా?"

"పదకొండు చోట్ల తొలిచాను. పది చోట్ల పధ్నాలుగు అంగుళాలు ఉంది. ఒక చోట తొమ్మిది. ఆ చోటికి దూరంగా, బండికీ బండికీ మధ్య యాభై అడుగులు వదిలి వెళ్తే ఆగుతుందని అనుకుంటున్నాను."

"అనుకోడం కాదమ్మా. సిలువ మీద చెయ్యేసి ఒట్టు పెట్టు."

"నేను ఒట్టు పెట్టను."

ప్రోఖోర్ టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎందుకు పెట్టవు?"

"ఒట్టు పెట్టి చెప్పేదే నిజమైతే, ఒట్టు పెట్టకుండా ఇన్నాళ్ళూ నీకు చెప్పిందంతా ఏమిటి, ప్రోఖోర్?"

ప్రోఖోర్ వెనక్కి తిరిగి బళ్ళవాళ్ళకి చేతులు చాపాడు. "విన్నారా! ఆగదంట!"

"ఆగదని ఆవిడెప్పుడందిరా?" అని వేరా అరిచింది.

"ఆగేదైతే ఒట్టుకి భయం దేనికి? మా బావమరిది గుర్రాన్ని కూడా ఒట్టేసే అమ్మాడు!"

"ఆ గుర్రం వారానికే చచ్చింది కదరా!" అంది ఫియోక్లా అవ్వ కుర్చీలోంచి.

"చస్తే చచ్చింది, ఒట్టయితే వేశాడుగా!"

ఇంతలో జిల్లా నుంచి వచ్చిన తోలుకోటు కామ్రేడ్ లుబ్యాగిన్ ముందుకొచ్చాడు. దేవుడి ఒట్టు కుదరకపోతే ప్రభుత్వ ఒట్టు ఉందన్నాడు. కాగితం తీశాడు, ముద్ర తీశాడు. "గడ్డ విరగదని ప్రమాణ పత్రం. తమరు ఇక్కడ సంతకం పెట్టండి."

"నువ్వు ఆ కాగితం జేబులో పెట్టుకో, లుబ్యాగిన్. తడుస్తుంది."

అతని ముఖం కందగడ్డ అయింది. జిల్లాలో అతన్ని 'నువ్వు' అనే మనిషి ఒక్కరూ లేరు. ఇల్యీనిచ్న అందరినీ నువ్వే అనేది. పిల్లల్నీ, అధికారుల్నీ, ఒంటెనీ, దేవుణ్ణీ. అది వాళ్ళ మతంలో పద్ధతి.

ఎండ పెరుగుతోంది. గట్టు అంచున నీటిబొట్లు టపటపా రాలడం మొదలైంది. ఒక్కొక్క బొట్టూ మన పొలంలోంచి ఒక్కొక్క చాలు చెరిపేస్తున్నట్టుంది. ప్రోఖోర్ కదలడు. ఇల్యీనిచ్న ఒట్టు పెట్టదు. ఇద్దరి మధ్యా పంతొమ్మిది బళ్ళ విత్తనం.

అప్పుడు ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. "ఈ రోజు మొదటి రోజు. నా ఆరాధన వేళ దాటిపోతోంది," అంది. ఫియోక్లా అవ్వ దగ్గరికి వెళ్ళింది. "నీ కుర్చీ కావాలి."

"దేనికే అమ్మా?"

"కూర్చోడానికి."

అవ్వ లేవక తప్పలేదు. ఇల్యీనిచ్న ఒక చేత్తో కుర్చీ, ఒక చేత్తో బరమా పట్టుకుని, మెడకి చిల్లర సామాన్లు పెట్టుకునే కోకో డబ్బా తగిలించుకుని ఏటి మీదికి నడిచింది. నడిచి నడిచి, తొమ్మిదంగుళాల చోటు పక్కనే ఆగింది. అక్కడ తొలిచిన బొక్కలో ఒక కర్ర నిలిపి, నీటిమట్టానికి బెత్తెడు పైన ఎర్రదారం కట్టింది. కుర్చీ వేసింది. దాని ముందు ఎడమ కాలు పొట్టి, కూర్చోగానే టకటకలాడింది. లేచి, కాలి కింద చెక్కపేడు పెట్టి, మళ్ళీ కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

గట్టు మీద అందరి నోళ్ళూ ఒకేసారి లేచాయి. 

"ఏం చేస్తోందిరా అక్కడ?"

"ఆవిడ బరువెంత, కోడిపెట్టంత! ఆవిడ కూర్చుంటే గడ్డ గట్టిదైపోతుందా?" అని ప్రోఖోర్ అరిచాడు.

ఆ మాట ఆవిడకి వినిపించింది. "నిజమే," అని అక్కణ్ణించే అంది. "నా బరువుతో ఏదీ రుజువు కాదు. బండి బరువుకి గడ్డ వంగితే ఈ బొక్కలో నీళ్ళు పైకి వస్తాయి. దారం దాకా వస్తే చెప్తాను. అందాకా నేను మాట్లాడను."

ఇక మాట్లాడలేదు. కళ్ళు కర్ర మీద, మనసు ఆవిడకే తెలిసిన చోట. విరిగితే ముందు విరిగేది ఆ కుర్చీ కిందే. అది లెక్క రాని వాడికి కూడా అర్థమయింది. ప్రోఖోర్ గడ్డం పీక్కున్నాడు, మంచులో ఉమ్మాడు, ఒంటెని తిట్టాడు. చివరికి, "థూ, మన బతుకూ ఒక బతుకేనా! తోలండి!" అన్నాడు.

తోలారు! మొదటి బండి గడ్డ మీద కాలు పెట్టగానే ఏరు గర్రుమంది. గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. బొక్కలో నీళ్ళు వేలెడు లేచాయి, తగ్గాయి. రెండో బండి. మూడోది. మనుషులు లాగే బళ్ళు పాట పాడుకుంటూ దిగాయి. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే పాట ఆపేశారు. టోపీలు తీశారు. దాటాక మళ్ళీ అందుకున్నారు. ఏటి నడుమ ఒక మౌనం గది కట్టినట్టుంది, ఒక్కొక్క బండీ అందులోంచి వెళ్ళి అవతల బయటపడుతోంది. ఒక బండికి మనిషి తక్కువైతే కామ్రేడ్ లుబ్యాగిన్ తోలుకోటు విప్పి తాడు భుజాన వేసుకున్నాడు. అతనూ టోపీ తీశాడు.

పదమూడో బండికి నీళ్ళు దారాన్ని తాకాయి.

"ఆగు!" అని ఇల్యీనిచ్న లేచి నిలబడింది. జీవితంలో ఆరాధన మధ్య లేచి చెప్పిన మూడో మాట అది. "గడ్డ మీదున్నవాళ్ళు ఆగకండి, నడవండి. గట్టు మీదున్నవాళ్ళు ఆగండి. ఇక ఒకటి దాటాకే ఇంకొకటి."

చెప్పి కూర్చుంది. నీళ్ళు దిగేదాకా అందరం ఊపిరి బిగబట్టాం. ఎంత బిగబట్టామంటే అవతలి గట్టున మూడు ఇళ్ళ పొగ నిటారుగా నిలబడిపోయింది.

పధ్నాలుగు. పదిహేను. పద్దెనిమిది. చివర దొరసాని. ప్రోఖోర్ ముక్కుతాడు పట్టుకుని నడిచాడు. ఒంటె ఏటి సగంలోకి వచ్చింది. ఇల్యీనిచ్న కూర్చున్న కుర్చీకి ఎదురుగా వచ్చింది. కుర్చీని చూసింది, మనిషిని చూసింది. ఇది కూర్చునే చోటనుకుందో ఏమో, నాలుగు కాళ్ళూ మడిచి గడ్డ మీద సుబ్బరంగా కూర్చుంది.

"లేవే! లేవే నీ వంశం ఎండిపోను!" అని ప్రోఖోర్ గొంతు చించుకున్నాడు. తాడు లాగాడు, మూపు మీద గుద్దాడు, కాళ్ళ మీద పడ్డాడు. బండి బరువూ ఒంటె బరువూ ఒకే చోట. ఒంటె కళ్ళు మూసుకుంది. నీళ్ళు దారం తాకాయి. దారం మునిగింది. బొక్కలోంచి పొంగి గడ్డ మీద పరుచుకుని కుర్చీ కాళ్ళు తడిపాయి. గడ్డ లోపల ఎక్కడో చీర చింపినట్టు చప్పుడు.

"ఇల్యీనిచ్న, పరుగెత్తు! నీకు దండం పెడతా, పరుగెత్తు!"

ఆవిడ లేచింది. పరుగెత్తలేదు. పక్కనున్నవాళ్ళతో చెయ్యి కలిపితేనే ఆరాధన ముగిసినట్టు. ఆ రోజు ఆవిడ పక్కనున్నది దొరసాని. ఆవిడ దాని ముందు నిలబడి చెయ్యి చాపింది. ఆ చేతిలో కాగితం పొట్లం విప్పి ఉంది. అందులో మొలవని పదమూడు గింజలు.

ఒంటె కన్ను తెరిచింది. ముక్కు కదిలింది. ఇల్యీనిచ్న ఒక అడుగు వెనక్కి వేసింది. దొరసాని, పన్ను నోటీసు తిని బతికిన దొరసాని, అసలైన గోధుమ వాసనకి వెనక కాళ్ళు లేపింది, ముందు కాళ్ళు లేపింది, బండితో సహా లేచింది! ఆవిడ వెనక్కి వెనక్కి నడుస్తూ అడుగుకో గింజ చొప్పున పెట్టింది. పన్నెండో గింజకి మంచి గడ్డ మీదికి వచ్చేశారు. పదమూడోది ప్రోఖోర్ చేతికిచ్చింది. "ఇక నువ్వు పెట్టు, నా వేళ్ళు కొరుకుతోంది," అంది.

అవతలి గట్టున కేకలు, ఏడుపులు, ముద్దులు. బస్తాలనీ ముద్దు పెట్టుకున్నారు, ఒంటెనీ పెట్టుకున్నారు. ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపింది.

"ఇప్పుడైనా ఒట్టేసి చెప్పు, ఆగిందా?" అన్నాడు ప్రోఖోర్, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆగింది. నీ బండి ఇక్కడే ఉంది కదా."

పొద్దు వాలకముందే ఆవిడ ఎగువన, నీళ్ళు పొంగని చోటు చూసుకుని, రైలు గట్టుకి తిరుగుముఖం పట్టింది. ఉండిపొమ్మని అందరం బతిమాలాం. రేపు పొద్దున గింజలు లెక్కపెట్టాలంది.

"మరి నా కుర్చీ?" అని ఫియోక్లా అవ్వ నిలదీసింది.

"అక్కడ నీళ్ళున్నాయి. రేపు గడ్డ ఉంటే తెస్తాను."

"ఉంటే ఏంటమ్మా, తెస్తానని చెప్పు!"

"ఉంటే," అంది ఇల్యీనిచ్న.

తెల్లవారేసరికి గడ్డ లేదు. ఏరంతా కదులుతోంది, ఇళ్ళంత పలకలు ఒకదాన్నొకటి ఎక్కుతున్నాయి. ఒక పలక మీద కుర్చీ నిటారుగా నిలబడి, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు నింపాదిగా దిగువకి వెళ్తోంది. అవతలి గట్టున బూడిదరంగు టోపీ ఒకటి కనిపించింది. మేం చేతులు ఊపాం. అదీ ఊపింది.

వరద తగ్గేసరికి ఆవిణ్ణి వేరే జిల్లాకి పంపేశారు. అక్కణ్ణించి అటే అమెరికా. ఆవిడ మళ్ళీ ఏరు దాటలేదు. దుబాసీగా ఆవిడతోనే ఉండిపోయిన వేరా మొదటి పడవలో వచ్చి, ఆ ఆదివారం ఆవిడ రాసిన ఉత్తరానికి తాను తీసుకున్న నకలు చదివింది. పొలాల్లో అప్పటికే మొలక పచ్చగా ఉంది.

"నాలుగో నెల, తొమ్మిదో తేదీ, మొదటి రోజు. ప్రియమైన డార్కస్, ఈ రోజు ఆరాధన ఆరుబయట జరిగింది. అరవై ఇద్దరు మనుషులు, పదకొండు గుర్రాలు, ఒక ఒంటె వచ్చారు. నూటికి ఎనభై ఏడు మొలిచాయి. కాళ్ళు కొంచెం చల్లబడ్డాయి."

"అంతేనా?" అని అరిచాం అందరం.

రెండేళ్ళకి డార్కస్ దగ్గర్నించి వేరాకి ఉత్తరం వచ్చింది. అదీ అంతే పొడుగు. ఏడో నెలలో, మొదటి రోజున, ఆరాధనలో రోడా పోయింది. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ముగింపుకి చెయ్యి కలపబోతే తెలిసింది. ఆ రోజు కిటికీ తెరిచే ఉంది.

వంటశాల ఉన్నచోటే అందరం కూర్చున్నాం. ఈసారి మాలో ఎవరూ "అంతేనా" అనలేదు.  జవాబు రాద్దామన్నారు. ప్రోఖోర్ ఆ ఏడు తన పొలంలో నూటికి ఎనభై ఏడు మొలిచాయని రాయమన్నాడు. నిజానికి తొంభై మొలిచాయి. ఆవిడ మాట తప్పు కాకూడదని మూడు పీకేశాడు. అప్పుడు ఫియోక్లా అవ్వ ముందుకు వంగింది.

"నా కుర్చీ చేరిందో లేదో అడుగు."

"అవ్వా, ఆవిడ పోయిందే!"

"పోతే? కూర్చునే కదా పోయింది, కుర్చీ అక్కర్లేదా? దానికి ముందు ఎడమ కాలు పొట్టి అని రాయి. చెక్కపేడు పెట్టుకోమను. లేకపోతే అంత మౌనంలోనూ టకటకమని కొట్టుకుంటుంది, ఎవరో తలుపు తడుతున్నారనుకుని పాపం దేవుడు లేచొస్తాడు!"